గూళ్ళ కంపెనీలో కోకిల కొలువు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఏనుగు తప్పిపోయేంత పెద్దదేం కాదు లెండి, ఎలుక పరువుగా బతికేంత అడవి, ఒక వాగు పారేది. ఆ వాగు మీదికి వంగి ఈతచెట్లు ఉండేవి. ఆ ఈతచెట్లకి వేలాడుతూ ఒక కంపెనీ ఉండేది.

వేలాడే కంపెనీ ఏమిటయ్యా అని నవ్వకండి. అది గూళ్ళ కంపెనీ. యజమాని గిజిగాడు, పేరు అల్లికయ్య. రెల్లు ఆకు ముక్కున పట్టాడంటే చాలు, ముడి వేసిందెక్కడో, దాచిందెక్కడో దేవుడికి కూడా కనిపించేది కాదు. గూడు కట్టుకోవడం చేతకానివాళ్ళూ, వచ్చినా బద్ధకించేవాళ్ళూ అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మొగుడు గూడు సగం అల్లి ఆగుతాడు. అప్పుడు పెళ్ళాం వచ్చి దాన్ని కాళ్ళతో పట్టుకుని, తలకిందులుగా వేలాడి, ఉన్న బలమంతా పెట్టి ఊపుతుంది. గూడు నిలిస్తే మిగతా సగం అల్లుకోవచ్చు. ఒక్క పోచ జారినా సరే, మొత్తం పీకి వాగులో పారేస్తుంది. మొగుడు నోరు మూసుకుని మళ్ళీ మొదటి పోచ నుంచి మొదలుపెట్టాలి.

అల్లికయ్య భార్య రెల్లమ్మ ఆ ఆచారాన్ని కంపెనీ అంతటికీ పెట్టింది. ఎవరు అల్లినా సరే, ఊపాల్సిందే. ఊపి, "ఇది గూడా, నీ మొహమా? ఇందులో గుడ్డు పెడితే పిల్ల పుట్టకముందే ఈత నేర్చుకోవాలి!" అని అందరి ముందూ తిట్టేది. ఆ తిట్లకి పనివాళ్ళు తోకలు ముడుచుకునేవాళ్ళు. కానీ ఆ కంపెనీ గూడు ఒక్కటి కూడా ఏ గాలివానకీ ఊడి పడలేదు.

ఆ పేరు వినే ఒకరోజు కాకి కాటుకమ్మ వచ్చింది.

"అన్నయ్యా, నాకో గూడు కావాలి. పైన కప్పు ఉండాలి. కిందనుంచి పొడుగ్గా సొరంగంలాంటి దారి ఉండాలి. నేను తప్ప ఇంకెవరూ దూరకూడదు."

"నీ గూడు నువ్వే కట్టుకుంటావుగా కాటుకమ్మా! పుల్లలు పేర్చడంలో నీ అంతటిది లేదే," అన్నాడు అల్లికయ్య.

కాటుకమ్మ గొంతు బొంగురు పోయింది. ఆ గొంతు మామూలుగానే బొంగురే అనుకోండి, ఇంకాస్త పోయింది.

"ఏటేటా పెడతాను, ఏటేటా పొదుగుతాను. పొదిగి, మేపి, రెక్కలొచ్చేదాకా సాకి చూస్తే అది నా పిల్ల కాదు అన్నయ్యా. ఎవరో తల్లి వచ్చి తన గుడ్డు పెట్టి, నా గుడ్డు తోసేసి పోతోంది. ఎవరో ఇప్పటికీ తెలీదు. పెంచిన పిల్లలమీద నాకు కోపం లేదు. వాళ్ళకీ నా నోట్లోదే పెట్టాను. కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క పిల్ల, నన్ను చూసి 'కావ్' అనాలని ఉంది. ఈసారి గుడ్డు పెట్టాక గూడు దిగనని ఒట్టేసుకున్నాను."

రెల్లమ్మ కళ్ళు తుడుచుకుంది. "తొలకరి పడేలోగా నీ గూడు నీకిస్తాం వదినా. నేనే ఊపి ఇస్తాను," అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీ పెరగడం మొదలుపెట్టింది. పెరగడం మంచిదే కదా అంటారు. అల్లికయ్యని అడగండి చెబుతాడు. ఉడతకి రెండు గదుల గూడు కావాలి, పిచ్చుకకి వరండా కావాలి. పనివాళ్ళు పెరిగారు. వాళ్ళతో పాటు వాళ్ళ తగాదాలూ పెరిగాయి. నా రెల్లు వాడు పట్టుకుపోయాడని ఒకడు, నేను సెలవడిగితే ఇవ్వలేదు వాడికెలా ఇచ్చారని ఇంకొకడు. అల్లికయ్య ముక్కున పోచ పట్టుకుని పంచాయితీలు చేస్తుంటే పోచ జారిపోయేది.

"మీకు కావలసింది ఒక హెచ్చార్ మేడం," అన్నాడు ఈతచెట్టు మొదట్లో ఉండే తొండ. తొండకి హెచ్చార్ అంటే ఏమిటో తెలీదు. ఎక్కడో విన్నది చెప్పి తలాడించాడు, అంతే. కానీ వాడు అంత గట్టిగా తల ఊపేసరికి అందరికీ నిజమే అనిపించింది.

అలా వచ్చారు స్వరమంజరి గారు. కోకిల. ఆవిడ కొమ్మమీద వాలగానే ఎక్కడినుంచో కమ్మగా కూత వినిపించింది. పాడేది మొగుడు, ఆకుల చాటున. పేరు మాత్రం ఆవిడది. అడవిలో ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

"మీకు ఈ పనిలో అనుభవం ఉందా?" అడిగాడు అల్లికయ్య.

"నా పిల్లలందరినీ గుడ్డుగా ఉన్నప్పుడే మంచి చోట్ల పెట్టాను. ఒక్కరు కూడా ఖాళీగా లేరు. అందరూ వృద్ధిలోకి వచ్చారు."

"అబ్బో! మరి పెంపకం?"

"పెంపకం స్థానిక యాజమాన్యానికి వదిలేస్తాను. నమ్మకం ముఖ్యం కదండీ."

ఆ జవాబుకి అల్లికయ్య ముచ్చటపడిపోయాడు. కంపెనీలో ఏమేం పనులు జరుగుతున్నాయో చెబుతూ కాటుకమ్మ గూటి సంగతి కూడా చెప్పాడు. "సొరంగం దారి పెడుతున్నాం మేడం. చీమ కూడా దూరలేదు."

స్వరమంజరి మొహం ఒక్క క్షణం మాడింది. వెంటనే సర్దుకుని, "నేను ఇవాళే చేరతాను," అంది.

చేరగానే అందరినీ పిలిచి మీటింగ్ పెట్టింది. "మనం కంపెనీ కాదు. మనమంతా ఒక కుటుంబం," అని గద్గదంగా చెప్పింది. పనివాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంతకాలం వాళ్ళకి తిట్లే తప్ప కుటుంబం ఉందని ఎవరూ చెప్పలేదు మరి. వాళ్ళ కుటుంబాలు పక్క చెట్టు మీదే ఉన్నాయి, అది వేరే విషయం.

తర్వాత కొత్తవాళ్ళని తీసుకోవడం. మొదట ఒక కుర్ర గిజిగాడు వచ్చాడు.

"మీరు నలుగురితో కలిసి పనిచేస్తారా?"

"లేదమ్మా, గూడు ఒక్కడినే అల్లుతాను. రెండు ముక్కులు పెడితే చిక్కు పడుతుంది."

"టీమ్ స్ఫూర్తి లేదు. మీకు మంచి భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాం, ఇంకెక్కడైనా."

తర్వాత అడవిదున్న గంభీరరావు వచ్చాడు. దారి తప్పి వచ్చాడు, నీళ్ళు తాగడానికి. స్వరమంజరి అడిగిన ప్రతి ప్రశ్నకీ కళ్ళు సగం మూసి నెమరు వేశాడు.

"చూశారా, ఎంత నిదానం! తొందరపడి ఒక్క మాట జారలేదు. నాయకత్వం అంటే ఇది!" అని ఆవిడ ఆయన్ని సీనియర్ అల్లిక సలహాదారుగా వేసుకుంది.

గంభీరరావు మొదటి రోజే గుట్టగా వేసిన రెల్లులో సగం మేసేశాడు.

"మేడం, సరుకు తినేస్తున్నాడు!" అని పనివాళ్ళు గోలపెట్టారు.

"ముడిసరుకు నాణ్యత స్వయంగా చూస్తున్నారు. మీలో ఎవరైనా ఎప్పుడైనా రుచి చూశారా?" అంది స్వరమంజరి. ఎవరూ చూడలేదు. సిగ్గుపడి తలలు దించుకున్నారు. ఒకడైతే ఆ సాయంత్రం కొంచెం నమిలి చూశాడు కూడా.

తొండకి ఫిర్యాదుల అధికారి ఉద్యోగం దొరికింది. ఏ ఫిర్యాదు చెప్పినా తలాడిస్తాడు. చెప్పినవాడికి గుండె బరువు దిగుతుంది. ఫిర్యాదు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇదంతా రెల్లమ్మ చూస్తూనే ఉంది. ఒకరోజు మామూలుగా ఒక గూడు పట్టుకుని ఊపింది. పోచ జారింది. "సిగ్గులేదట్రా!" అని పీకి వాగులో పడేసింది.

స్వరమంజరి పరుగున వచ్చింది. "అయ్యో రెల్లమ్మ గారూ, ఎంత మాట! ఆ అబ్బాయి మనసు ఎంత నొచ్చుకుందో చూడండి."

ఆ అబ్బాయి మనసు అప్పటిదాకా బాగానే ఉంది. నొచ్చుకుందని చెప్పాక ఏడవడం మొదలుపెట్టాడు.

"ఊపడం పాతకాలపు హింస," అని తేల్చేసింది స్వరమంజరి. "ఇకనుంచి ఎవరి గూటికి వాళ్ళే నక్షత్రాలు వేసుకుంటారు. ఒకటి నుంచి ఐదు దాకా."

ఆ వారమే ప్రతి గూటికీ ఐదు నక్షత్రాలు వచ్చాయి. అల్లిక అసలు మొదలుపెట్టని కొమ్మకి కూడా ఐదు వచ్చాయి, ఉద్దేశం బాగుందని. గంభీరరావు ఏమీ చెప్పకపోయినా తొండ ఆయన తరఫున తలాడించి ఐదు వేశాడు. రెల్లమ్మని పిలిచి పూలదండ వేసి గౌరవ సలహాదారుని చేశారు. అంటే ఇక ఆవిడ ఏ గూడూ ముట్టుకోకూడదన్నమాట.

"ఏవయ్యా, నువ్వు కూడా ఇలాగే అంటావా?" అని మొగుణ్ణి అడిగింది రెల్లమ్మ.

అల్లికయ్య అటూ ఇటూ చూశాడు. "తగాదాలు తగ్గాయి కదే. అందరూ నవ్వుతున్నారు. పైగా ఆవిడ గొంతు ఎంత బాగుందో!"

"గొంతు బాగుంటే గూడు నిలబడుతుందా?" అని రెల్లమ్మ దండ తీసి గంభీరరావు ముందు పడేసింది. ఆయన అదీ మేశాడు.

రోహిణి ఎండలు ముదిరాయి. కాటుకమ్మ పొట్ట బరువెక్కింది. నేడో రేపో అన్నట్టుంది. పాపం రోజూ వచ్చి తన గూటివైపు చూసి పోయేది. ఒకరోజు చూస్తే సొరంగం దారి లేదు. పైకప్పూ లేదు. బుట్టలా నోరు తెరుచుకుని ఉంది గూడు.

"ఇదేంటమ్మా! మూసి ఉండాలన్నాను కదా!"

"కాటుకమ్మ గారూ," అంది స్వరమంజరి తేనె కారుస్తూ, "మూసేసుకుని కూర్చుంటే బంధాలు ఎలా పెరుగుతాయి? నలుగురూ వచ్చి పోయేలా ఉండాలి ఇల్లంటే."

"వచ్చిపోయేవాళ్ళతోనే కదమ్మా నా గోల!"

"మీ బాధ నాకు అర్థమైంది. తొండ గారికి చెప్పండి."

కాటుకమ్మ తొండకి చెప్పింది. తొండ తలాడించాడు. చెప్పినంతసేపూ తలాడించాడు. కాటుకమ్మకి ఒళ్ళు మండి, "నీ మెడ విరగ!" అంది. దానికీ తలాడించాడు.

ఆ సాయంత్రం ఆవిడ రెల్లమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. "ఈసారీ అంతే వదినా. వేరే గూడు కట్టుకునే ఓపిక లేదు నాకు. గుడ్డు ఆగేలా లేదు."

"ఇచ్చే రోజు నేను పక్కనే ఉంటాను. నువ్వు నోరు తెరిచి ఒక్క మాట అడుగు చాలు. కొన్నవాళ్ళు అడిగితే కాదనడానికి ఆవిడెవరు?" అంది రెల్లమ్మ.

మర్నాడు పడమర మబ్బు పట్టింది. గూడు అప్పగించే రోజు అదే. స్వరమంజరి పొద్దున్నే అందరినీ వాగు ఒడ్డున కూర్చోబెట్టింది.

"ఇవాళ మన కుటుంబానికి పండగ. అందరూ కళ్ళు గట్టిగా మూసుకుని, కంపెనీ మీకు చేసిన మేలు తలుచుకోండి. నేను చెప్పేదాకా తెరవకండి."

అందరూ మూసుకున్నారు. ఆకుల చాటునుంచి పాట మొదలైంది. చాలాసేపు సాగింది. మేళ్ళు అయిపోయి కొందరు నిద్రపోయారు కూడా. కళ్ళు తెరవమన్నప్పుడు స్వరమంజరి కొంచెం ఆయాసపడుతూ, ఈకలు సర్దుకుంటూ కనిపించింది. మన కోసం ఎంత కష్టపడుతోందో అని అందరూ జాలిపడ్డారు.

కాటుకమ్మ వచ్చింది. చప్పట్లు కొట్టారు. "ఐదు నక్షత్రాల గూడు! లోపలికి దయచేయండి," అంది స్వరమంజరి.

కాటుకమ్మ కొమ్మ మీదే ఆగిపోయింది. "రెల్లమ్మ వదిన ఊపందే నేను కాలు పెట్టను."

చప్పట్లు ఆగిపోయాయి.

"అదేంటండీ, ఊపడం ఎప్పుడో తీసేశాం," అంది స్వరమంజరి.

"మీరు తీసేసుకున్నారు, నేను ఒప్పుకోలేదు. ఈ గూట్లో ఉండబోయేది నా బిడ్డ. అన్నయ్యా, మీరిద్దరూ నాకు మాటిచ్చారు, గుర్తుందా?"

అల్లికయ్యకి గుర్తుంది. ఆ మాట అన్నప్పటి రెల్లమ్మ కళ్ళు కూడా గుర్తున్నాయి. చాలా రోజుల తర్వాత ఆయనకి తన కంపెనీలో తను యజమానినన్న సంగతి తట్టింది. "ఊపు, రెల్లూ," అన్నాడు.

రెల్లమ్మ ఎగిరి గూటి అంచు పట్టుకుంది. పట్టుకోగానే పైన ముడి కిర్రుమంది.

"ఆగండి!" అంది స్వరమంజరి. "అల్లినవాళ్ళ మనసులు..."

"మా మనసులు బానే ఉన్నాయి మేడం," అన్నారు అల్లినవాళ్ళు. వాళ్ళకీ చూడాలనే ఉంది.

"గాలి ఎక్కువగా ఉంది. మంచి రోజు చూసి..."

"మంచి రోజని మీరే పెట్టారుగా!" అన్నాడు అల్లికయ్య. "ఐదు నక్షత్రాలు మీరే ఒప్పుకున్నారు. ఊపితే ఏమవుతుంది?"

రెల్లమ్మ తలకిందులుగా వేలాడి ఒళ్ళు బిగించింది. ఒక పోచ జారింది. ఇంకొకటి జారింది. కింద వాగు గలగలా పోతోంది.

"వద్దు! వద్దు, ఊపకండి తల్లీ! లోపల నా గుడ్డుంది!"

ఆ గొంతులో తేనె కారలేదు. కీచుగా, భయంగా, అచ్చం ఏ తల్లి గొంతైనా ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆకుల చాటున పాట మధ్యలో తెగిపోయింది. తొండ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల ఊపడం మానేశాడు.

అందరూ స్వరమంజరి వైపు చూశారు. రెల్లమ్మ వేలాడుతూనే మెల్లగా లోపలికి తొంగి చూసింది. చిన్న గుడ్డు. ఇంకా వెచ్చగా ఉంది.

కాటుకమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక స్వరమంజరి ఎదురుగా వచ్చి వాలింది.

"అయితే నువ్వేనా? ఏటేటా నువ్వేనా? నా చివరివాడు 'కావ్' అనడానికి ఎంత తంటాలు పడేవాడో తెలుసా నీకు? రాకపోతే నా రెక్కలో మొహం దాచుకుని ఏడ్చేవాడు. గొంతులో ఏదో జబ్బు చేసిందని నేను రాత్రిళ్ళు నిద్రపోలేదు. నా గుడ్లు ఏవి స్వరమంజరీ?"

స్వరమంజరి తల దించుకుంది.

"ఊపి పారేయ్ రెల్లమ్మా!" అని అరిచారు పనివాళ్ళు. నిన్నటిదాకా కుటుంబం అని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళే.

"ఊపకు వదినా," అంది కాటుకమ్మ. "తల్లి చేసినదానికి గుడ్డేం చేసింది? తియ్యి బయటికి. కానీ నేను మాత్రం పొదగను. ఈసారి నా వంతు నాది."

రెల్లమ్మ గుడ్డుని జాగ్రత్తగా తీసి ఎక్కడ పెట్టాలా అని చూసింది. కింద గంభీరరావు నెమరేస్తూ నిలబడి ఉన్నాడు. ఆయన కొమ్ముల మధ్య రెల్లు ఇరుక్కుని చిన్న బుట్టలా అయ్యింది. కంపెనీలో చేరాక ఆయన అల్లింది అదొక్కటే, అదీ ఆయనకి తెలీకుండా. గుడ్డు అందులో పెట్టి, తిరిగి పైకెగిరి గూడుని ఒక్క ఊపు ఊపింది. ఐదు నక్షత్రాల గూడు దబ్బున వాగులో పడి కొట్టుకుపోయింది.

"ఎక్కి కూర్చో," అంది స్వరమంజరితో.

ఆవిడ దున్న నెత్తి మీదికి ఎక్కింది. గుడ్డు ముందు నిలబడి దిక్కులు చూసింది. "ఎలా కూర్చోవాలి? ఎవరైనా ట్రైనింగ్ ఇస్తారా?" మొగుడికోసం ఆకుల్లోకి చూసింది. ఆయన అప్పటికే ఇంకో అడవికి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది చూడాలి మీరు. మబ్బు ఉరుముతోంది. అల్లికయ్య ముందు, వెనకాల పనివాళ్ళు కొత్త గూడు అల్లడం మొదలుపెట్టారు. టీమ్ స్ఫూర్తి లేదని పంపేసిన కుర్రాణ్ణి కూడా పిలిచారు. ఎవరి పోచ వాళ్ళు, ఎవరి ముడి వాళ్ళు. మీటింగ్ లేదు, నక్షత్రం లేదు. సగం అయ్యాక రెల్లమ్మ ఊపింది. "మొహం మాడ్చక్కర్లేదు, ఇది గూడే!" అంది. ఆ ఒక్క మాటకి పనివాళ్ళు పొంగిపోయినంతగా ఐదు నక్షత్రాలకి కూడా పొంగలేదు. పైకప్పు పడింది, సొరంగం దిగింది. కాటుకమ్మ లోపల దూరింది, తొలకరి చినుకు బయట పడింది.

ఆ వానలో పాత ఐదు నక్షత్రాల గూళ్ళన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. ఉడత రెండు గదులూ రెండు వైపులా పోయాయి. వాళ్ళందరికీ మళ్ళీ కొత్తగా అల్లి ఇచ్చేసరికి అల్లికయ్య ముక్కు అరిగింది.

కొన్నాళ్ళకి సొరంగంలోంచి ఒక గొంతు వినిపించింది. చిన్నదే, బొంగురుది, వినడానికి ఏమాత్రం బాగుండనిది. "కావ్!"

కాటుకమ్మ ఏడ్చింది. ఈతచెట్ల మీద అందరూ ఏడ్చారు. గంభీరరావు నెమరు ఆపాడు.

పని పెరిగింది కాబట్టి తగాదాలు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరినో ఒకరిని పెట్టక తప్పదు. అల్లికయ్య ఈసారి ఎక్కువ ఆలోచించలేదు. "ఎవరి పిల్లలో అడక్కుండా అందరినీ ఒకేలా సాకినదానివి. నువ్వే చూసుకో చెల్లెమ్మా," అని కాటుకమ్మకి అప్పజెప్పాడు.

ఆవిడ మీటింగులు పెట్టదు. ఆకలేసినవాడికి ఇంత పెడుతుంది, తప్పు చేసినవాడికి మొట్టికాయ వేస్తుంది, కొత్తవాణ్ణి రెక్కలొచ్చేదాకా పక్కన పెట్టుకుంటుంది. మొట్టమొదట అలా పక్కన పెట్టుకున్నది, దున్న నెత్తి మీద గుడ్డుకి ఏ వైపు కూర్చోవాలో ఇంకా తెలీక ఏడుస్తున్న స్వరమంజరిని. ఆవిడ పిల్ల కూడా పుట్టింది. పుట్టి, కొమ్ముల మధ్య కూర్చుని, పాట నేర్పేవాళ్ళెవరూ లేకపోయేసరికి నెమరు వేయడం నేర్చుకుంది.

కంపెనీ ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఒక్కటే ఫిర్యాదు, కొత్త హెచ్చార్ మేడం గొంతు బాగాలేదని. పనివాళ్ళందరూ ఆ సంగతి తొండకి చెప్పుకుంటున్నారు. తొండ తలాడిస్తున్నాడు.

నీతి: ఎవరి పనికి ఎన్ని నక్షత్రాలైనా వేయించండి, కాకపోతే వేసినవాళ్ళ గుడ్డు ముందుగా ఆ గూట్లో పెట్టించండి.